చెంచయ్య లేపిన బొల్లిపెట్ట

తొమ్మిది పెట్టలున్న ఇంటి నుంచి ఆ శనివారం జకరయ్య టీ కొట్టుకు మూడే గుడ్లు వచ్చాయి. చిట్టి వాటిని కొంగులోంచి ఒక్కొక్కటిగా తీసి, బల్ల మీద దొర్లిపోకుండా చక్కెర డబ్బాకు ఆనించి పెట్టింది.

"ఏంది చిట్టీ, మూడేనా? ఆమ్లెట్లకు ఆరు గుడ్లు కావాలని నిన్ననే చెప్పినా గదమ్మా," అన్నాడు జకరయ్య.

"ఎండలకు పెట్టలు తగ్గించినాయన్నా. దానికి తోడు చుక్కలపెట్ట పదిహేను రోజులుగా పొదుగుడుకు కూర్చోనుంది. గూడు దిగదు, గుడ్డు పెట్టదు."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. కాని ఖాళీ కొంగును దులిపి దోపుకొన్న తరువాత కూడా ఆమె ఇంటి దారి పట్టలేదు. పందిరి గుంజకు ఆనుకొని నిలబడింది.

చుక్కలపెట్ట సంగతి ఆ వీధిలో అందరికీ తెలిసినదే. గూట్లోంచి గుడ్లు తీసేస్తే అది బెండ్ల మీద కూర్చుంది. పెట్టలన్నీ ఒకే చోట గుడ్లు పెట్టాలని, ఆ పల్లెలో ప్రతి ఇల్లాలూ వలకు కట్టే తెల్లని బెండు ఒకటో రెండో గూట్లో ఉంచడం అలవాటు. చిట్టి ఆ బెండ్లు కూడా తీసేసింది. అది వట్టి ఇసుక మీద కూర్చుంది. బక్కెట్టు నీళ్ళలో ముంచితే, ఒళ్ళు విదిల్చుకొని తడిసిన ఈకలతోనే తిరిగి గూట్లోకి పోయింది. అత్త పోలేరమ్మ పాత పద్ధతిలో దాని ముక్కుకు ఈక గుచ్చి వదిలితే, పెట్ట రెండు సార్లు తుమ్మి, ముక్కున ఈకతో, నగ పెట్టుకొన్న పెళ్ళికూతురిలా వెళ్ళి మళ్ళీ అక్కడే కూర్చుంది. పిల్లలను లేపించుకొందామంటే ఇంట్లో పుంజు లేదు, జాతరకు కోసేశారు. పొరుగువాళ్ళ గుడ్లు తెచ్చి పెడదామంటే రోహిణి ఎండలు. ఆ వేడికి గుడ్లు మురిగిపోతాయని ఎవరూ ఇవ్వలేదు.

పోలేరమ్మ నిన్న సాయంత్రం తేల్చి చెప్పింది. ఆదివారం ఆమె కూతురు భర్తతోనూ పిల్లలతోనూ నెల్లూరు నుంచి వస్తున్నది. వేట నిషేధం నడుస్తున్న రోజులు, ఇంట్లో పచ్చి చేప లేదు. గుడ్డు పెట్టని కోడి కూరకు కాక మరి దేనికి? పోలేరమ్మ చెడ్డ మనిషి కాదు. ఏడాదికి ఒకసారి వచ్చే కూతురికి ఏదైనా మంచిది వండి పెట్టాలని ఆమె కోరిక, అంతే.

రెండేళ్ళ కిందట చిట్టి తల్లి కోవూరు నుంచి రెండు బస్సులు మారి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకొని వచ్చింది. అందులో రెండు కోడిపిల్లలున్నాయి. బతికుండగా ఆమె ఆ ఇంటికి రావడం అదే చివరిసారి. ఒక పిల్లను ముంగిస ఎత్తుకుపోయింది. మిగిలినది ఈ చుక్కలపెట్ట. ఈ సంగతి చిట్టి ఎవరితోనూ అనలేదు. అంటే, కోడి కోసం ఏడుస్తున్నదంటారు.

"పొదుగుడుకు కూర్చున్న పెట్టను లేపడం కూడా ఒక పనేనా?"

ఆ గొంతు చెంచయ్యది. ముప్ఫై ఏళ్ళు పడవ నడిపి, మోకాళ్ళ నొప్పులు వచ్చాక పడవను కొడుకు చేతికిచ్చి, తాను జకరయ్య బెంచీ ఎక్కాడు. ఉదయం ఆ బెంచీ మీద ఆయన మొదలుపెట్టిన మాట మధ్యాహ్నం వరకూ ఒడ్డుకు రాదని పల్లెలో పేరు. మామూలు రోజుల్లో ఆయన మాటలు వినే తీరిక మగవాళ్ళకు ఉండదు. ఇప్పుడు పడవలన్నీ ఇసుక మీద బోర్లా పడి ఉన్నాయి. చేపల ట్రేలు కొట్టు వెనక ఎండుతున్నాయి. ఆయన పక్కన మస్తానయ్య వల బాగుచేసుకొంటూ, తలెత్తకుండానే ప్రతి మాటా వింటున్నాడు.

"నీకు తెలుసా మామా?" అంది చిట్టి. "నిజంగా తెలుసా?"

"తెలుసా అంటుందే! మస్తానా, విన్నావా? మా బొల్లిపెట్టను లేపింది ఎవరమ్మా? వేట ఆపమని సర్కారోళ్ళు కొత్తగా చెప్పిన ఏడు, మా చిన్నోడు చంటిబిడ్డ, ఇట్టనే రోహిణి ఎండలు, మా ఆడది గంపలో పదకొండు గుడ్లు పెట్టింది, పిడుగులకు చెడిపోకుండా ఇనపముక్కా బొగ్గూ కూడా పెట్టింది, అయినా ఒక్కటంటే ఒక్కటి పిల్ల కాలేదు. గుడ్లన్నీ తీసి పారేసినాం. బొల్లిపెట్ట మాత్రం దిగలేదు. నెల రోజులు! మేత లేదు, నీళ్ళు లేవు. అప్పుడు నేనన్నా, 'మే, దీన్ని నాకు వదిలెయ్, మూడు రోజుల్లో లేపకపోతే నేను చెంచయ్యనే కాదు' అని."

"లేపినావా?"

"లేపకుండా ఉంటానా?"

చిట్టి గుంజను వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది. ఈయన చెప్పేదానిలో వంద మాటలు గాలిలో కలిసిపోతాయని ఆమెకు తెలుసు. కాని ఆ వందలో ఒక్కటి నిజమై ఉంటే, ఆ ఒక్కటి పట్టుకోకుండా ఇక్కడి నుంచి కదలకూడదని నిశ్చయించుకొంది.

"ఎట్టా లేపినావు మామా?"

"అదే గదా చెప్తుండా. మొదటి రోజు నీళ్ళలో ముంచినా."

"అందరూ చేసేదే," అన్నాడు మస్తానయ్య వల మీద నుంచి చూపు తిప్పకుండా.

"అందరూ ముంచితే పెట్ట తడుస్తుంది. నేను ముంచితే ఏమైందో తెలుసా? నీళ్ళు కాగినాయి! పొదిగే పెట్ట పొట్ట ఎంత వేడిగా ఉంటుందో చెయ్యి పెట్టినోడికి తెలుస్తుంది. బక్కెట్టులోంచి పొగలొస్తా ఉంటే మా ఆడది పరిగెత్తుకొచ్చి, 'భలే పని చేసినావయ్యా' అని ఆ నీళ్ళలో చన్నీళ్ళు కలిపి మా చిన్నోడికి పోసింది. బిడ్డ హాయిగా రెండు జాములు నిద్రపోయినాడు."

"అట్టాంటి పెట్ట నాకొకటి ఉంటే బాగుండునన్నా," అన్నాడు జకరయ్య పాలు కలుపుతూ. "గ్యాసు మిగిలేది."

"మరి పెట్ట లేచిందా?" అంది చిట్టి.

"ఓపిక పట్టమ్మా. బక్కెట్టు చాలదని దాన్ని ఎత్తుకొని ఉప్పుటేటికి పోయినా. మెడలోతు నీళ్ళలో నిలబడి ఒక్క మునక వేయించినా, అంతే. ఏరు కుతకుతమంది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా రొయ్యలన్నీ ఎర్రగా ఉడికి పైకి తేలినాయి. పల్లెలో ఆడోళ్ళు గిన్నెలతో వచ్చేసినారు. వొలుచుకోవడం, నోట్లో వేసుకోవడం, అంతే పని."

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు మస్తానయ్య.

"ఉప్పుటేరు గదప్పా! మళ్ళీ ఉప్పెందుకు?"

జకరయ్య గట్టిగా నవ్వాడు. చిట్టికి కూడా నవ్వు వచ్చింది. కాని ఆమె దానిని పెదవుల దగ్గరే ఆపింది. నవ్వితే ఆయన ఇంకా దూరం పోతాడు.

"పెట్ట సంగతి చెప్పు మామా."

"పెట్ట నా చంకలోనే ఉండాది, కళ్ళు మూసుకొని. దాని లోకం దానిదే. సరే, రెండో రోజు ఈక పద్ధతి. మీ అత్త చుక్కలపెట్టకు కోడి ఈకే గుచ్చింది గదా? అదే తప్పు. కోడి ఈక కోడికి ఎట్టా పని చేస్తుంది? నేను తాటిచెట్టెక్కి గద్దను ఒట్టి చేత్తో పట్టుకొని, 'ఒక్క ఈక ఇయ్యి తల్లీ' అంటే అది సిగ్గుపడి రెక్క చాపింది. ఆ ఈక తెచ్చి బొల్లిపెట్ట ముక్కుకు పెట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తుమ్మింది. ఒక్కటే తుమ్ము! మూడిళ్ళ పెంకులు లేచినాయి. ఎదురింటి దండెం మీద ఆరేసిన బట్టలు పోయి వాకాడులో పడినాయి."

"పెట్ట లేచిందా?"

"పెంకులు లేచినాయి."

"పెట్ట?"

"నువ్వు బలే దానివి చిట్టెమ్మా, పడవ దిగకుండానే చేప బరువు అడుగుతావు," అని చెంచయ్య టీ గ్లాసు అందుకొని, సగం తాగి, మీసాలు తుడుచుకొన్నాడు. ఆ కొద్దిపాటి ఆలస్యంలో ఆయన కళ్ళు సముద్రం వైపు పోయాయి. అక్కడి నుంచి ఇంకా పెద్దది ఏదో దొరికినట్టు ముఖం వెలిగింది.

"ఇంక గట్టు మీద కుదరదని దాన్ని పడవెక్కించినా."

"వేట నిషేధమన్నావే?" అన్నాడు మస్తానయ్య.

"వేటకు పోకూడదన్నారు. కోడికి గాలి మార్పు కోసం పోకూడదని ఏ కాగితంలో ఉందో చూపించు. పోతా ఉంటే దోవలో ఇంజను ఆగిపోయింది. తాడు లాగినా, లాగినా, భుజం ఊడొస్తుందే గాని ఇంజను పలకలేదు. అప్పుడు బొల్లిపెట్ట నిదానంగా నడుచుకొంటా పోయి ఇంజను మీద రెక్కలు పరిచి కూర్చోనింది. నేను దీనమ్మ కడుపు మాడా, అనుకొంటా ఉండా. పావుగంట! పావుగంటకు ఇంజను లోపల టకటక మని చప్పుడు, గుడ్డులో పిల్ల పొడిచినట్టు. తాడు ముట్టుకోకుండానే అందుకొనింది. ఆయిలు చుక్క లేకుండా ఆరు బారల లోతు దాటి, పది బారలు దాటి, ఓడలు పోయే దోవ దాకా పోయినాం."

"దాన్ని ఇంజను మీద నుంచి లేపింది ఎట్టా?" అంది చిట్టి.

"లేపలేదమ్మా, ఇంజనుతో సహా ఎత్తి..."

"ఎత్తి?"

"ఎత్తి పక్కన పెట్టినా. అక్కడ బొగ్గు ఓడ ఒకటి నిలబడి ఉండాది. మన పల్లె మొత్తం దాని మీద ఇళ్ళు కట్టుకొని ఇంకా మధ్యలో వీధి వేసుకోవచ్చు, అంత ఓడ. దాని మిషను చెడి నాలుగు రోజులుగా కదల్లేదంట. పైనుంచి ఎర్రటి దొర ఒకడు తొంగి చూసి, దణ్ణం పెట్టి, 'చెంచయ్యగారూ, మీ కోడిని ఒక్క గంట ఇస్తారా' అన్నాడు."

"వాడికి నీ పేరెట్టా తెలుసన్నా?" అన్నాడు జకరయ్య.

"ఏరు ఉడికినాక తెలియకుండా ఉంటుందా? సరే, ఇచ్చినా. బొల్లిపెట్ట పోయి ఆ బొగ్గు కొండ మీద కూర్చోనింది. ఇట్టా ఒళ్ళు విప్పార్చి, ఇట్టా ఒక్కొక్క ఈకా సర్దుకొని, మెడ ఈకల్లోకి ముక్కు లాక్కొని..." ఆయన తన తువ్వాలును విప్పి ఒడి చుట్టూ పరిచి, భుజాలు కుదించి, పెట్ట కూర్చున్న తీరును చేసి చూపాడు. నవ్వించడానికే చేశాడు, అందరూ నవ్వారు. కాని చిట్టి నవ్వలేదు. ఆ కూర్చోవడంలో ఒక్క తప్పు కూడా లేదని ఆమెకు అనిపించింది. ప్రతి ఉదయం గూటి ముందు గొంతుక్కూర్చొని ఆమె చూస్తున్నది సరిగ్గా అదే. ఈ మనిషి పొదిగే పెట్టను దగ్గరగా చూశాడు. చాలా సేపు చూశాడు.

"బొగ్గంతా ఎర్రబడింది. ఓడ కూత వేసి కదిలింది. ఆ పూట ముత్తుకూరు కరెంటు ఫ్యాక్టరీ నుంచి మన దాకా కరెంటు ఒక్క రెప్పపాటు కూడా పోలేదు, కావాల్నంటే పెద్దోళ్ళను అడగండి."

"పెద్దోణ్ణి నేనే," అన్నాడు మస్తానయ్య. "నాకు గుర్తు లేదు."

"నువ్వు ఆ రోజు ఫ్యాను కింద నిద్రపోయి ఉంటావు. అదే సాక్ష్యం."

ఈసారి మస్తానయ్య కూడా వల వదిలి నవ్వాడు. దారిన పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. జనం పెరగడం చూసి చెంచయ్య బెంచీ మీద కాళ్ళు ముడుచుకొని కూర్చొన్నాడు. చిట్టి పొద్దు వైపు చూసింది. ఆయన కథ సముద్రం లోపలికి పోతున్నకొద్దీ తన పెట్ట కత్తిపీటకు దగ్గరవుతున్నది.

"మామా, మూడో రోజు," అంది ఆమె గొంతు పెంచి. "మూడు రోజుల్లో లేపినానంటివి. మూడో రోజు ఏం చేసినావు?"

"మూడో రోజా?" చెంచయ్య ఒక్క క్షణం తడుముకొన్నాడు. వెంటనే గొంతు ఇంకా పెద్దదైంది. "మూడో రోజు తుపాను. చెప్పాపెట్టకుండా వచ్చింది. ఆకాశం కాటుక పూసినట్టు. అల ఒక్కొక్కటి తాటిచెట్టంత. రేడియోలో చెప్తా ఉండారు, పల్లెలు ఖాళీ చేయండి, పల్లెలు ఖాళీ చేయండి అని. నేను పడవలో, బొల్లిపెట్ట నా నెత్తి మీద. తుపానుకు నడిమధ్యన కన్ను ఉంటుందంటారే, గాలి లేని చోటు, గుండ్రంగా, తెల్లగా? అది సరిగ్గా మా పడవ మీదికి వచ్చింది. పెట్ట తల పక్కకు వాల్చి దాన్ని చూసింది. గుండ్రంగా ఉండాది, తెల్లగా ఉండాది. దానికి ఇంకేం కావాలి? ఎగిరి పోయి దాని మీద కూర్చోనింది!"

"తుపాను మీదా?" అన్నాడు జకరయ్య.

"తుపాను మీద. అది గిరగిరా తిరుగుతా ఉంది, ఇది కదల్లేదు. అది హోరున అరుస్తా ఉంది, ఇది కుర్రుమని ఒక్కసారి కసిరింది. అంత తుపానూ కిక్కురుమనకుండా పొట్ట కిందకు ఒదిగిపోయింది. ఎంత సేపు? నేను రెండు బీడీలు తాగినంత సేపు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తుపాను చిట్లింది. చిట్లి, ఇరవయ్యొక్క చిన్న చిన్న గాలులై బయటికొచ్చినాయి. ఇంతింతే! అరచేతిలో పడతాయి. పెట్ట ముందర, అవి దాని వెనకాల వరసగా, నీళ్ళ మీద చిన్న చిన్న అలలు లేపుకొంటా. ఇప్పటికీ సాయంకాలం పూట ఈ ఒడ్డున మెత్తగా తగుల్తుందే గాలి, అది యాడిదనుకొంటుండారు?"

అబద్ధమని తెలిసినా, ఆ గాలి మెత్తదనం అందరూ ఎరిగినదే కాబట్టి, ఒక క్షణం పాటు ఆ చిన్న గాలులు వాళ్ళ కళ్ళ ముందు నీళ్ళ మీద నడిచాయి. జకరయ్య పొయ్యి మీద పాలు పొంగి, పొయ్యి ఆరిపోయింది. అతడు దానిని చూసుకోలేదు.

చిట్టి ముందుకు వచ్చి చెంచయ్య ఎదురుగా నిలబడింది.

"మామా, నీళ్ళు కాగినాయి. రొయ్యలు ఉడికినాయి. పెంకులు లేచినాయి. ఓడ కదిలింది. తుపాను పిల్లలైంది. అన్నీ అయినాయి. పెట్టను లేపినానని మొదలుపెట్టినావే, ఇంత కథలో నీ బొల్లిపెట్ట ఒక్కసారన్నా లేచిందా?"

మొదట మస్తానయ్య నవ్వాడు. తరువాత జకరయ్య. తరువాత దారిన పోతూ ఆగినవాళ్ళు కూడా చేతులు చరిచి నవ్వారు. "దొరికిపోయినావురా చెంచయ్యా, ఆడబిడ్డ చేతికి దొరికిపోయినావు! యాడ పెడితే ఆడ కూర్చోనిందే గాని లేచింది ఎప్పుడురా?" అని మస్తానయ్య బెంచీని అరచేత్తో బాదాడు.

చెంచయ్య కూడా నవ్వబోయాడు. నోరు తెరుచుకొంది కాని అందులోంచి మరో ఓడ, మరో తుపాను రాలేదు. ఒడిలో పరుచుకొన్న తువ్వాలును నాలుగు మడతలు పెట్టాడు. మడత సరిగ్గా కుదరలేదని విప్పి, మళ్ళీ పెట్టాడు.

"లేవలేదమ్మా," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది.

"మూడు రోజులని చెప్పినాను గదా. అది మాత్రం నిజమే. రెండో రోజు సాయంత్రం మా మేనమామ వాళ్ళొచ్చినారు. నేను ఒడ్డున వల సర్దుకొంటా ఉండినా. ఇంటికి పోతా ఉంటే వీధి మొగదలలోనే కూర వాసనొచ్చింది. మా ఆడదాని తప్పేం లేదు, ఇంటికి చుట్టాలొచ్చినారు, ఇంట్లో ఇంకేం లేదు. నేను లోపలికి పోలేదు. వెనక్కి తిరిగి ఒడ్డెంబడి నడిచినా. ఇంకో రోజు ఆగుంటే లేచేదేమో, లేవకపోయేదేమో. తెలీదు. అప్పటి నుంచీ యాడ దాని మాటెత్తినా, కూర్చోబెట్టే చెప్తా ఉండా. లేపితే కథ అయిపోతుంది గదా."

మస్తానయ్య వలను తిరిగి ఒళ్ళోకి లాక్కొన్నాడు.

చిట్టి ఆ మాటలు విని తలవంచుకొంది. కాని ఆమె వచ్చింది ఓదార్చడానికీ కాదు, ఓదార్పు పొందడానికీ కాదు. అదే గొంతుతో అడిగింది.

"పొట్ట వేడన్నావు. అది నిజమా, అదీ కథేనా?"

"అది నిజం. చెయ్యి పెట్టి చూసినా. జరమొచ్చిన బిడ్డ నుదురు మాదిరిగా ఉంటుంది."

"నీళ్ళలో ముంచితే చల్లబడుతుంది. మళ్ళీ ఇసుకలో కూర్చుంటే వేడెక్కుతుంది. కూర్చునేదానికి నేలే లేకపోతే?"

చెంచయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు కొట్టు వెనక పేర్చిన చేపల ట్రేల మీద ఉంది. నీళ్ళు కారిపోవడానికి అడుగున సందులు సందులుగా ఉండే ప్లాస్టిక్ ట్రేలు అవి. ఒకదాని మీద ఒకటి బోర్లించి కట్టి దూలానికి వేలాడదీస్తే, కింద నుంచి సముద్రపు గాలి రాత్రింబవళ్ళు తగులుతుంది. పెట్ట ఎంత ఒళ్ళు విప్పార్చినా పొట్ట కింద వెచ్చదనం నిలవదు.

"ఆ నీలం ట్రేలు రెండూ మా పడవవే," అన్నాడు చెంచయ్య లేస్తూ. మోకాళ్ళు పట్టేసి ఒకసారి బల్లను పట్టుకొన్నాడు. "పద."

పోలేరమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తున్నది. కోడలు ముందు, ట్రేలు నెత్తిన పెట్టుకొని చెంచయ్య వెనక రావడం చూసి, చేయి ఆపింది.

చిట్టి గూడు దగ్గరకు వెళ్ళి, చేతులు పెట్టి పెట్టను ఎత్తింది. అది రెండుసార్లు గట్టిగా పొడిచింది. మణికట్టు మీద రక్తం చుక్కగా నిలిచింది. చిట్టి పట్టు సడలించలేదు. పెట్టను ట్రేలో దించి, నీళ్ళ డబ్బా ఒకటి, మేత డబ్బా ఒకటి లోపల పెట్టింది. చెంచయ్య రెండో ట్రే బోర్లించి వల తాడుతో నాలుగు మూలలూ కట్టాడు. పంచ దూలానికి వేలాడదీశాక అది గాలికి కొద్దిగా ఊగింది.

"ఇదేంది?" అంది పోలేరమ్మ. "రేపు పిల్లొస్తుంటే ఉయ్యాల కట్టినారా కోడికి?"

"మూడు రోజులు ఆగు అత్తా. లేస్తుంది."

"ఈయన చెప్పినాడా? ఈయన మాట నమ్మి ఆగాల్నా నేను?"

"ఆయన మాట కాదు, నా మాట. రేపు ఎండు నెత్తళ్ళు వేయిద్దాం, మునక్కాయ పులుసు పెడదాం, నేనే చేస్తా. మూడు రోజులైనాక మళ్ళీ గూట్లో కూర్చుంటే, కత్తిపీట నేనే తెచ్చి నీ ముందర పెడతా. నోరెత్తను."

పోలేరమ్మ కోడలి మణికట్టు వైపు చూసింది. తరువాత చెంచయ్య వైపు తిరిగింది. ఇప్పుడు ఆయన ఏ దొరనో గద్దనో దించుతాడని ఎదురుచూస్తున్నట్టు నడుము మీద చేయి పెట్టుకొంది.

"మా బొల్లిపెట్టకు ఒక్క రోజు తక్కువైంది పోలేరక్కా," అన్నాడు చెంచయ్య. "అంతే నేను చెప్పేది."

పోలేరమ్మ చింతపండు పిక్క ఒకటి వేళ్ళ మధ్య నలుపుతూ ఉండిపోయింది.

"ఆ కూర నేనూ తిన్నా," అంది చివరికి, మెల్లగా. "నీ పెళ్ళాం గిన్నెలో పంపించింది. నువ్వు ఇంటికి రాలేదని బిడ్డనెత్తుకొని వీధి వీధీ వెతికింది, పాపం." చాటను పక్కకు నెట్టి లేచింది. "మూడు రోజులే. నాలుగో రోజు నన్ను అడక్కండి."

ఆదివారం వచ్చినవాళ్ళు ఎండు నెత్తళ్ళు ఇష్టంగానే తిని, ఉయ్యాలలో కోడిని ఫోనుల్లో ఫొటోలు తీసుకొని వెళ్ళిపోయారు. చుక్కలపెట్ట ఆ రోజంతా ట్రే సందుల మీద ఒళ్ళు విప్పార్చి కూర్చొనే ఉంది. సోమవారం ఒకసారి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చొంది. చిట్టి నీళ్ళు మార్చింది, మేత మార్చింది, తాడు ముళ్ళు బిగించింది.

మంగళవారం తెల్లవారిన తరువాత ఆమె ట్రేను దించి ముళ్ళు విప్పింది. దడి అవతల చెంచయ్య వచ్చి నిలబడి ఉన్నాడు. పెట్ట నేల మీదికి దిగి, ఒళ్ళంతా ఒక్కసారి విదిల్చింది. తిన్నగా గూటి వైపు నడిచింది.

చిట్టి కదలలేదు. పెట్ట గూటి ముందు ఆగి, ఒక కాలు ఎత్తి, మెడ చాచి లోపలికి చూసింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. ఆ గూట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. అయినా మొన్నటి వరకూ దానికి అదే చాలింది.

"బా... బా... బా..."

పోలేరమ్మ పంచలో నిలబడి, గూటికి దూరంగా, వాకిలి ఆ చివరకు పడేలా గుప్పెడు నూకలు విసిరింది. ఎనిమిది పెట్టలూ పరిగెత్తాయి. చుక్కలపెట్ట తల తిప్పింది. ఎత్తిన కాలు నేల మీద పెట్టింది. ఒక అడుగు వేసింది. తరువాత రెక్కలు సగం విప్పి, మిగిలినవాటిని తోసుకొంటూ, ఇన్నాళ్ళ ఆకలితో నూకల మధ్యకు దూసుకుపోయింది. పోలేరమ్మ చాటలో మిగిలిన నూకలన్నీ కూడా అటే విసిరేసి, ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

చెంచయ్య టీ కొట్టు చేరేసరికి జకరయ్య, మస్తానయ్య ఆయన కోసమే కనిపెట్టుకొని ఉన్నారు. జకరయ్య అడగకముందే టీ పోసి, గ్లాసును ఆయన ముందు పెట్టి, పొయ్యి మంట తగ్గించాడు. ఇది ఎంత సేపు సాగుతుందో అతనికి అనుభవమే.

"ఏమైందన్నా?"

"లేచింది," అన్నాడు చెంచయ్య.

వాళ్ళు ఎదురుచూశారు. చెంచయ్య టీ ఊదుకొని ఒక గుటక తాగాడు.

"ఆ తర్వాత?" అన్నాడు మస్తానయ్య వల పక్కన పెట్టి.

"నూకలు తిన్నది."